ఇఫ్ ఫార్ములా దగ్గర ఇంటర్వ్యూ పోయింది, కోర్సులో చేరమంటారా?

ప్రశ్న: మాది నరసరావుపేట, బీకామ్ ఫైనలియర్. నాన్నకు బియ్యం కొట్టు ఉంది. ఒక ఆఫీసులో ఎక్సెల్ టెస్ట్ పెట్టారు. 50 వేల అమ్మకాలు దాటితే 2 శాతం, లక్ష దాటితే 5 శాతం ఇన్సెంటివ్ వేయమంటే నాకు లక్ష దాటినవాళ్లకు కూడా 2 శాతమే వచ్చింది. ‘నెలకు 9 వేలే కట్టగలిగితే ఎంత లోన్ తీసుకోవచ్చు’ అన్నదానికి అంకెలు మార్చి మార్చి చూసేసరికి టైమైపోయింది. అమీర్‌పేటలో 15 వేలు పెట్టి కోర్సులో చేరమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దమ్మా, ఆ 15 వేలు నాన్నగారి దగ్గరే ఉండనీ. నీకు ఎక్సెల్ రాకపోవడం కాదు, షరతులు రాసే వరుస తప్పింది, అంతే. ఇఫ్ ఫార్ములా (‘ఇలా అయితే ఇది, లేకపోతే అది’ అని చెప్పేది) మొదటి షరతు నుంచి చూసుకుంటూ వచ్చి, ఏది ముందు నిజమైతే అక్కడే ఆగిపోతుంది. 1,20,000 అమ్మినవాళ్లు 50 వేలు కూడా దాటినట్టే కదా, అందుకే 2 శాతం దగ్గరే ఆగింది. లక్ష షరతు ముందు రాయి, 50 వేలది తర్వాత. రాశాక 49,999, 50,000, 99,999, 1,00,000 వేసి చూడు, తప్పులన్నీ ఈ అంచుల్లోనే దొరుకుతాయి.

ఇక లోన్ లెక్క. దీనికి గోల్ సీక్ ఉంది, కావాల్సిన జవాబు చెప్తే దానికి తగ్గ అంకెను అదే వెతికి పెడుతుంది: డేటా ట్యాబ్‌లో వాట్-ఇఫ్ అనాలిసిస్ కింద. ఒక సెల్‌లో లోన్ 5,00,000, ఇంకోదాంట్లో వడ్డీ 9 శాతం, మరోదాంట్లో 60 నెలలు వేసి, పీఎమ్‌టీ అనే వాయిదా ఫార్ములాతో ఈఎంఐ లెక్క వెయ్యి (వడ్డీని 12తో భాగించు, ఫార్ములా ముందు మైనస్ పెట్టు, లేకపోతే జవాబు మైనస్‌లో ఎర్రగా వస్తుంది). 10,379 రూపాయలు చూపిస్తుంది. గోల్ సీక్‌లో ఈఎంఐ సెల్ చూపించి 9000 కావాలని, మార్చాల్సింది లోన్ సెల్ అని చెప్తే సుమారు 4,33,560 అని క్షణంలో వస్తుంది. కానీ నువ్వు 5,00,000ని ఫార్ములా లోపలే టైప్ చేసి ఉంటే గోల్ సీక్‌కి మార్చడానికి సెల్లే ఉండదు. టెస్ట్ పెట్టేవాళ్లు చూసేది ముఖ్యంగా ఇదే, మారే ప్రతి అంకెకీ సొంత సెల్ ఇచ్చావా లేదా అని. ఇన్సెంటివ్‌లో 2, 5 శాతాలు కూడా అంతే, విడి సెల్స్‌లో పెట్టి, ఫార్ములాను కిందికి కాపీ చేసినా ఆ సెల్ మారకుండా డాలర్ గుర్తుతో లాక్ చెయ్యి. అసలు స్ప్రెడ్‌షీట్ పుట్టిందే ఇందుకు: డాన్ బ్రిక్లిన్ హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో చదివేటప్పుడు, ఒక్క అంకె మారితే బోర్డు మీది లెక్కంతా చెరిపి మళ్లీ వేయాల్సి రావడం చూశాడు, 1979లో వచ్చిన విసికాల్క్ అనే స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రామ్ అలా మొదలైంది.

నీకు అసలైన ల్యాబ్ నాన్నగారి కొట్టే. అద్దె, కరెంటు కలిపి 7,500, బస్తాకు 60 మిగులు అనుకుని, నెలాఖరుకు 15 వేలు మిగలాలంటే ఎన్ని బస్తాలు అమ్మాలో గోల్ సీక్‌ని అడుగు, 375 వస్తుంది. మిగులు 50కి పడితే 450. తర్వాత మిగులు ఒకవైపు, బస్తాలు ఇంకోవైపు పెట్టి డేటా టేబుల్ (ఒక్కో జతకు నెలాఖరుకు ఎంత మిగులుతుందో చూపే పట్టిక) వెయ్యి, ఆ పేజీ నాన్నగారికి చూపించు, అంకెలు సరిగ్గా ఉన్నాయో లేదో ఆయనే చెప్తారు. ఎక్సెల్ లేకపోతే లిబ్రే ఆఫీస్ కాల్క్ ఉచితం, గోల్ సీక్ అందులో టూల్స్ మెనూలో ఉంటుంది.

తర్వాతి ఇంటర్వ్యూకి ఆ షీట్ పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లు. ఎక్కడైనా ఆగిపోతే మళ్లీ రాయమ్మా, ఏ సెల్‌లో ఏ ఫార్ములా పెట్టావో కూడా రాస్తే తప్పెక్కడుందో సూటిగా చెప్తాను.