ఖాతాలో ఉన్న 22,000 యూరోలు ఖాళీ డబ్బు కాదు

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. మ్యూనిక్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పన్నులు పోను నెలకు 4,900 యూరోలు చేతికి వస్తాయి. నా భార్య ప్రస్తుతం ఉద్యోగం చేయడం లేదు. మూడేళ్ల పాప ఉంది. అద్దె, ఇంటి ఖర్చులు, విజయవాడ ఫ్లాట్ ఈఎంఐ కలిపి నెలకు 3,900 దాకా అవుతాయి. సేవింగ్స్ ఖాతాలో 22,000 యూరోలు ఖాళీగా ఉన్నాయి. ఇటలీలోని బొలోన్యాలో ఒకాయన తన 2012 మసెరాటి గ్రాన్‌టురిస్మో ఎస్ కారును 43,500కు ఇస్తానంటున్నారు. జర్మనీలో ఇలాంటిదే ఆరేడు వేలు ఎక్కువ చెబుతున్నారు. ఇటలీలో సూపర్‌బోల్లో అనే పన్ను కట్టలేక అమ్ముతున్నానని ఆయన చెప్పారు. నా దగ్గరున్న దాంట్లో 20,000 పెట్టి, మరో 25,000 ఏడేళ్లకు 7 శాతం వడ్డీతో బ్యాంకు లోను తీసుకుందామనుకుంటున్నాను. తక్కువ పడితే ఊళ్లో బంగారం తాకట్టు పెట్టి పంపిస్తానని నాన్నగారు అన్నారు. అమ్మే ఆయన ముందు 3,000 అడ్వాన్సు పంపమంటున్నారు, ఒక 10,000 నగదుగా ఇమ్మంటున్నారు. కొనవచ్చా? లేక ఈ డబ్బుతో ఫ్లాట్ లోను కొంత తీర్చేయడం మంచిదా?

జవాబు: ఇప్పుడు కొనవద్దు. అడ్వాన్సు ఒక్క యూరో కూడా పంపవద్దు. ఈ ఉత్తరం అందేలోపే పంపేసి ఉంటే వెంటనే మీ బ్యాంకుకు ఫోన్ చేయండి.

ఇటాలియన్ కారు మీద ఇష్టం తప్పని నేను అనను. ఆ కారు అందం నాకూ తెలుసు. మీ ఉత్తరానికే జవాబు రాయడానికి కారణం అందులోని ఒక మాట: ‘ఖాళీగా ఉన్నాయి’. యూరప్‌లో స్థిరపడుతున్న మన కుటుంబాలు నాకు రాసే ఉత్తరాల్లో ఈ మాట మళ్లీ మళ్లీ వస్తుంది. ఖాతాలో డబ్బు కదలకుండా ఉంటే దానికి పనేమీ లేదనుకుంటారు. మీ ఇంట్లో సంపాదించేది మీరొక్కరే. మీ జీతం ఆగిన రోజు అద్దె కట్టాల్సింది ఆ 22,000తోనే.

మీ నెల ఖర్చు 3,900. ఆరు నెలలకు 23,400. అంటే మామూలు లెక్కలో చూసినా మీ అత్యవసర నిధి 1,400 తక్కువగానే ఉంది. విదేశాల్లో ఉన్న మనవాళ్లకు నేను దీనికి ఇంకో 5,000 కలుపుతాను. మనకు ఎమర్జెన్సీ అంటే ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు. రాత్రి రెండు గంటలకు ఇంటి నుంచి ఫోన్ వస్తుంది, తెల్లారేసరికి విమానం ఎక్కాలి. ముగ్గురికి అప్పటికప్పుడు టికెట్లు, అక్కడ దిగగానే ఆస్పత్రిలో అడ్వాన్సు. ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఉండే ఒక కుటుంబం ఉన్న పొదుపంతా ఊడ్చి ఖరీదైన సెకండ్ హ్యాండ్ కారు కొంది. మూడు నెలలు తిరగకుండానే నెల్లూరులో ఆయన తండ్రికి గుండె ఆపరేషన్ అవసరమైంది. టికెట్లు క్రెడిట్ కార్డు మీద, ఆస్పత్రి డబ్బు బావమరిది దగ్గర అప్పు. కారు అమ్మకానికి పెట్టారు గానీ చలికాలంలో అడిగినవాళ్లు లేరు. ఆ అప్పులు తీర్చడానికి వాళ్లకు రెండేళ్లు పట్టింది. వాళ్ల జీతం మీ జీతం కంటే ఎక్కువే.

కాబట్టి మీకు కావాల్సింది 28,400. ఉన్నది 22,000. కారు కొన్న మర్నాడు మిగిలేది 2,000, అంటే మీ ఇంటికి పదిహేను రోజుల ఖర్చు.

ఉద్యోగం పోతే ప్రభుత్వం ఇస్తుంది కదా అంటారేమో. ఇస్తుంది. పిల్లలున్నవాళ్లకు నికర జీతంలో 67 శాతం లెక్కన వస్తుంది. మీ విషయంలో అది సుమారు 3,200. గత కొన్నేళ్లలో రెండేళ్ల నిరుద్యోగ బీమా చందా కట్టి ఉంటేనే ఏడాది పాటు వస్తుంది, తక్కువ కట్టి ఉంటే ఆ గడువూ తగ్గుతుంది. మీరే రాజీనామా చేస్తే మొదటి పన్నెండు వారాలు ఆపేయవచ్చు. ఇప్పుడు కారు ఉన్న ఇంటి లెక్క చూడండి. 3,900 పాత ఖర్చు, 377 కారు లోను కిస్తీ, బీమా, పన్ను, పార్కింగ్ కలిపి తక్కువలో తక్కువ మరో 250. మొత్తం 4,500 దాటింది. వచ్చేది 3,200. నెలకు 1,300 లోటు. మీ దగ్గర మిగిలిన 2,000 నెలన్నరకు సరిపోతుంది. మీరు బ్లూ కార్డు (ఉద్యోగం మీద ఆధారపడిన నివాస అనుమతి) మీద ఉన్నారో లేదో రాయలేదు. ఉంటే ఇంకా జాగ్రత్త అవసరం. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం ఉద్యోగం లేకుండా మూడు నెలలు, కార్డు తీసుకుని రెండేళ్లు దాటినవాళ్లయితే ఆరు నెలలు గడిస్తే కార్డు రద్దు చేసే వీలుంది. అలాంటి సమయంలో చేతిలో ఆరు నెలల డబ్బు ఉన్నవాడు మంచి ఉద్యోగం దొరికేదాకా ఆగగలడు. లేనివాడు మొదట వచ్చిన దానికి తల ఊపాలి.

ఇక అప్పు సంగతి. 25,000 మీద ఏడేళ్లకు మీరు కట్టే వడ్డీ సుమారు 6,700. ఇటలీలో కొనడం వల్ల ఆదా అవుతుందని మీరు సంబరపడుతున్నది కూడా ఆరేడు వేలే. అంటే సరిహద్దు దాటి, భాష రాని ఊళ్లో, చూడని మనిషి దగ్గర ఇంత రిస్కు తీసుకుని సంపాదించిన లాభాన్ని తీసుకెళ్లి బ్యాంకు చేతిలో పెడుతున్నారు. లోను తీరేసరికి కారు వయసు ఇరవై దాటుతుంది. ఏటా పాతబడే వస్తువు కోసం, అదీ సరదా కోసం, ఏడేళ్ల అప్పు చేయడాన్ని నేను ఏ ఇంటికీ ఒప్పుకోను.

నాన్నగారి బంగారం మాట ఇంకెప్పుడూ ఎత్తవద్దు. అది మీ అమ్మానాన్నల అత్యవసర నిధి. మీ నిధి ఖాళీ చేసిన తర్వాత వాళ్లదీ ఖాళీ చేస్తే రెండు ఇళ్లలో ఎవరికి ఏమొచ్చినా ఆదుకునేవాళ్లు మిగలరు. కిస్తీలు ఆగితే ఆ నగలు వేలానికి వెళ్తాయి. మ్యూనిక్‌లో కారు కోసం అమ్మ గాజులు వేలంలో పోవడం మీకూ ఇష్టం ఉండదు. ఫ్లాట్ మీద టాపప్ లోను తీసి పంపుకుందామనే ఆలోచన తర్వాత రావచ్చు, అందుకే ఇప్పుడే చెబుతున్నాను: ఎన్నారైలకు ఆస్తి తనఖా మీద రూపాయల్లో ఇచ్చే లోను డబ్బును దేశం బయటికి పంపడానికి ఫెమా (విదేశీ మారక చట్టం) నిబంధనలు ఒప్పుకోవు.

అమ్మే ఆయన చెప్పిన కారణం కూడా నిలబడదు. సూపర్‌బోల్లో నిజమైన పన్నే. ఇంజన్ శక్తి 185 కిలోవాట్లు దాటితే పైనున్న ప్రతి కిలోవాటుకు ఏడాదికి 20 యూరోలు. ఈ కారు 324 కిలోవాట్లు, అంటే 139 ఎక్కువ, కొత్తలో ఏడాదికి 2,780. కానీ కారు పాతబడేకొద్దీ ఆ పన్ను తగ్గుతుంది. ఐదేళ్లు దాటితే అందులో 60 శాతమే కట్టాలి, పదేళ్లు దాటితే 30 శాతం, పదిహేనేళ్లు దాటితే 15 శాతం, ఇరవై దాటితే సున్నా. 2012 కారుకు పదేళ్లు దాటాయి కాబట్టి ఆయన కట్టేది 834. ఏటా 2,780 కట్టుకున్న మనిషి ఇప్పుడు 834 కట్టలేక ఆరేడు వేలు తగ్గించి అమ్ముతాడా? తగ్గించడానికి వేరే కారణం ఉండి ఉండాలి. అది కిలోమీటర్లలో ఉండవచ్చు, గేర్‌బాక్సులో ఉండవచ్చు, కాగితాల్లో ఉండవచ్చు.

కిలోమీటర్ల గురించి యూరోపియన్ పార్లమెంటు 2018లోనే హెచ్చరించింది. దేశం లోపల చేతులు మారే పాత కార్లలో 5 నుంచి 12 శాతం వాటికి మీటరు తిప్పేసి ఉంటే, సరిహద్దు దాటే కార్లలో అది 30 నుంచి 50 శాతమని చెప్పింది. ఇటలీ రవాణా శాఖ పోర్టల్‌లో నంబరు ప్లేటు కొడితే చివరి తనిఖీ నాటి కిలోమీటర్లు ఉచితంగా కనిపిస్తాయి. మీరు ఇంకా చూడలేదనే నాకు అనిపిస్తోంది. అలాగే అక్కడి వాహన రిజిస్టరు నుంచి ‘విసూరా’ అనే పత్రం కొద్ది యూరోలకే దొరుకుతుంది. కారు మీద అప్పు ఉందా, పన్నులో జరిమానాలో ఎగ్గొట్టినందుకు ‘ఫెర్మో’ అనే ప్రభుత్వ ఆంక్ష పడిందా అన్నది అందులో ఉంటుంది. ఫెర్మో ఉన్న కారును ఎగుమతి కోసం రిజిస్టరు నుంచి తీయించలేరు. మీరు డబ్బంతా కట్టేశాక కారు బొలోన్యాలోనే ఉండిపోతుంది.

ఇటలీలో నగదు లావాదేవీకి పరిమితి 5,000 యూరోలు. 10,000 నగదు అడుగుతున్నారంటే ఆయన మిమ్మల్ని చట్టం తప్పమంటున్నారు. పైగా ఒప్పందంలో 33,500 అని రాస్తే, రేపు గొడవై డబ్బు వెనక్కి అడగాల్సి వచ్చినప్పుడు మీ చేతిలో ఉన్న రుజువు 33,500కే. ఆ 10,000 ఇచ్చినట్టు ఎక్కడా ఉండదు. ఎంత మంచి కారైనా సరే, ఈ ఒక్క మాట చాలు ఆ బేరం వదిలేయడానికి.

కారు సంగతి కూడా చెప్పాలి. దాని వి8 ఇంజన్ మరనెల్లోలో ఫెరారీ తయారుచేసింది. కొన్నప్పుడు అది గొప్ప. రిపేరుకు వచ్చినప్పుడు బిల్లు కూడా ఆ స్థాయిలోనే వస్తుంది. మీ కారుకు ఏ గేర్‌బాక్సు ఉందో మీరు రాయలేదు. ఈ మోడల్ మామూలు ఆటోమేటిక్‌తోనూ వచ్చింది, క్లచ్ ఉండి దానంతటదే గేర్లు మార్చే రకంతోనూ వచ్చింది. రెండో రకంలో క్లచ్ అరిగితే వేల యూరోల ఖర్చు. ఎలక్ట్రానిక్ షాకబ్జార్బర్లు, ఇంజన్ లోపలి వేరియేటర్లు కూడా అదే వరస. ఇలాంటి కారు కొనేవాళ్లు ఇంటి అత్యవసర నిధి కాక, కారు పేరు మీద విడిగా కనీసం 8,000 పెట్టుకోవాలని నా సలహా. మీ లెక్కలో రవాణాకు, కాగితాలకు, రిపేర్లకు కలిపి మిగిలింది 1,500. ఈ మోడల్ తెలిసిన స్వతంత్ర మెకానిక్‌తో కారును లిఫ్టు మీద ఎక్కించి చూపించే ఖర్చు కూడా అందులో కనిపించలేదు. ఏనుగును కొని అంకుశానికి బేరమాడినట్టు ఉంటుంది అది.

డీలరు దగ్గర కొంటే పాత వస్తువుకైనా కనీసం ఏడాది చట్టబద్ధమైన హామీ ఉంటుంది. డీలరు కాని మామూలు మనిషి దగ్గర కొంటే ‘చూసి నచ్చి కొన్నాను’ అనే ఒక్క వాక్యం రాయించుకుని చేతులు దులుపుకుంటారు. మళ్లీ కొనే రోజు వస్తే డీలరు దగ్గరే చూడండి. ‘నెట్’ ధర (పన్ను కలపని ధర) అని రాసిన ప్రకటనలు వ్యాపారులకు, మీకు కాదు.

బీమా గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. అది నన్ను కారు కంటే ఎక్కువ కలవరపెట్టింది. జబ్బు చేస్తే ఆరు వారాలు పూర్తి జీతం, ఆ తర్వాత ఆరోగ్య బీమా సంస్థ ఇచ్చేది తక్కువ, దానికీ గడువుంది. ఆ పైన పని చేయలేని పరిస్థితి వస్తే ఆదుకునే బీమా మీకుందా? మీకేమైనా అయితే భార్యకు, పాపకు, విజయవాడ లోనుకు సరిపోయే టర్మ్ పాలసీ ఉందా? లేకపోతే ఈ నెలలోనే ఈ రెండూ తీసుకోండి. మీ వయసులో ఆరోగ్యం బాగున్నప్పుడే ఇవి తక్కువ ప్రీమియంకు దొరుకుతాయి.

నెలకు మీకు 1,000 మిగులుతోంది. అందులోంచి బీమా పోను మిగతాది జీతం పడిన మర్నాడే నిధి ఖాతాకు వెళ్లేలా బ్యాంకులో ఆదేశం పెట్టండి. ఏడెనిమిది నెలల్లో 28,400 అవుతుంది. అప్పటినుంచి అదే డబ్బు కారు పేరు మీద వేరే ఖాతాలో వేయండి. మీ భార్య మళ్లీ ఉద్యోగంలో చేరితే రెండు మూడేళ్లలోనే అప్పు లేకుండా ఆ కారు దగ్గరికి రావచ్చు. ఈలోపు మనసాగకపోతే మొడెనా, మరనెల్లో వైపు వెళ్లండి. అక్కడ నిమిషాల లెక్కన ఇలాంటి కార్లు నడపనిచ్చేవాళ్లు ఉన్నారు. చిన్న ఆల్ఫా రోమియో అయినా సరదా తీరుస్తుంది, కానీ అదీ నిధి నిండాకే.

ఫ్లాట్ లోను ముందుగా తీర్చడం గురించి: ఇప్పుడు వద్దు. ఆ ఈఎంఐ మీరు సులువుగానే కడుతున్నారు. ఫ్లాట్‌లోకి పోసిన డబ్బు అవసరం వచ్చిన రాత్రి బయటికి రాదు.

బొలోన్యా ఆయనకు ఈ రోజే ‘కొనడం లేదు’ అని రాయండి. కారణాలు చెప్పనక్కర్లేదు. ఇంకా తగ్గిస్తానని తిరిగి రాస్తే జవాబు ఇవ్వవద్దు. ఖాతాలో 28,400 కనిపించిన నెలలో బీమా పత్రాలు దగ్గర పెట్టుకుని నాకు మళ్లీ రాయండి. అప్పుడు కారు లెక్క ఇద్దరం కలిసి వేద్దాం.