హైదరాబాద్‌లో మేనమామ ఇల్లుంది, సీటు అక్కడే తీసుకోవాలా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. చిన్న ఫ్యాన్సీ షాపు నడుపుతాను. మా అమ్మాయి నీట్ ర్యాంకుకు గాంధీ, ఉస్మానియా రావని తేలిపోయింది. ఇప్పుడు రెండు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి ఆసిఫాబాద్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ. రెండోది హైదరాబాద్‌లో మేడ్చల్ వైపు ఒక ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ కోటా సీటు (ర్యాంకును బట్టి ప్రభుత్వం తక్కువ ఫీజుకు కేటాయించేది). మా బావమరిది వాళ్లు వనస్థలిపురంలో ఉంటారు, అమ్మాయిని మా ఇంట్లోనే ఉంచండి అంటున్నారు. హాస్టల్ ఖర్చు మిగులుతుంది కదా అని నా ఆలోచన. ఫీజుతో కలిపి నెలకు 12 వేలకు మించి నా వల్ల కాదు. అప్పు చేసైనా సరే బి కేటగిరీలో (ఎక్కువ ఫీజుండే మేనేజ్‌మెంట్ కోటాలో) పేరున్న కాలేజీలో చేర్చమని ఇంకొందరు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ బి కేటగిరీ మాట పక్కన పెట్టేద్దామండీ. అక్కడ ఏడాది ఫీజే 11 లక్షలు దాటుతుంది. నెలకు 12 వేలు సర్దగలిగిన ఇంట్లో దాని మీద చర్చే అనవసరం. ఏడున్నర లక్షలు దాటిన విద్యారుణానికి బ్యాంకులు సాధారణంగా ఆస్తి తాకట్టు అడుగుతాయి. అంటే షాపో, ఇల్లో కాగితాల మీద పెట్టాలి. కోర్సు అయ్యాక ఏడాది దాకా వాయిదాలు మొదలుకావు గానీ వడ్డీ మాత్రం మొదటి విడత డబ్బు చేతికొచ్చిన రోజు నుంచే లెక్కకు ఎక్కుతుంది. సలహా ఇచ్చినవాళ్లు ఆ వడ్డీలో వాటా పంచుకోరు.

ఇక మిగిలిన రెండు సీట్లు. నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది హైదరాబాద్ అంటే ఖర్చు, జిల్లా అంటే చవక అన్న లెక్కతో వస్తారు. మీరు దాన్ని తిరగేశారు: ఇల్లు ఉంది కాబట్టి హైదరాబాదే చవక. రెండు లెక్కల్లోనూ ఒకటే లోపం. మెడికల్ కోర్సులో ఖర్చును తేల్చేది పడుకునే మంచం ఎక్కడుంది, అక్కడి నుంచి కాలేజీకీ ఆస్పత్రికీ ఎంత దూరం అన్నదే. ఊరి పేరు దాని తర్వాతే.

కాగితం, పెన్ను తీసుకోండి. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, అంటే 54 నెలలు. ఆ పైన ఏడాది ఇంటర్న్‌షిప్. ప్రభుత్వ కాలేజీలో ట్యూషన్ ఫీజు ఏడాదికి 10 వేలు, ప్రైవేటులో కన్వీనర్ సీటుకు 60 వేలు. నాలుగున్నరేళ్లకు అది 45 వేలు, ఇది 2 లక్షల 70 వేలు. అంటే ఇంకే ఖర్చూ లెక్కేయకముందే ప్రైవేటు సీటు 2 లక్షల 25 వేలు వెనకబడి ఉంది. మేనమామ ఇల్లు మిగిల్చేది మొదట ఈ గుంత పూడ్చాలి, ఆ తర్వాతే లాభం.

ఆసిఫాబాద్‌లో హాస్టల్, మెస్ కలిపి నెలకు 5 వేలు అనుకుందాం. 54 నెలలకు 2 లక్షల 70 వేలు. చేతి ఖర్చు 3 వేల చొప్పున లక్షా 62 వేలు. రెండు నెలలకోసారి ఇంటికి వస్తే 27 ప్రయాణాలు, ఒక్కోదానికి 1,500 వేసినా 40 వేల చిల్లర. ఫీజుతో కలిపితే 5 లక్షల 17 వేలు. నెలకు దాదాపు 9,600 పడుతుంది.

ఇప్పుడు వనస్థలిపురం. ఇల్లు, తిండి ఉచితమే అనుకుందాం. ఫీజు 2 లక్షల 70 వేలు, చేతి ఖర్చు, మధ్యాహ్నం క్యాంటీన్ కలిపి అదే 3 వేల చొప్పున లక్షా 62 వేలు. కాలేజీ బస్సు ఏడాదికి 40 వేలు వేసుకుంటే లక్షా 80 వేలు. మొత్తం 6 లక్షల 12 వేలు. నెలకు 11,300. మీ 12 వేలలోనే ఉంది, కాదనను. అయినా పైసా అద్దె లేని ఇల్లు దొరికాక కూడా ఆసిఫాబాద్ కంటే దాదాపు లక్ష ఎక్కువే. రేపు ఏ కారణంతోనైనా ఆ ఇంట్లోంచి బయటికి రావాల్సి వస్తే? కాలేజీ హాస్టల్‌కు ఏడాదికి లక్షా 20 వేలు వేసుకున్నా మొత్తం 9 లక్షల 70 వేలు దాటుతుంది, నెలకు 18 వేలు. అది మీ వల్ల కాదు. కాబట్టి ఈ సీటు మొత్తం మీ బావమరిది గారి ఇంటి పరిస్థితి నాలుగున్నరేళ్లు ఇలాగే ఉంటుందన్న నమ్మకం మీద నిలబడింది. వాళ్ల పిల్లలు ఇంటర్‌కు వస్తారు, పెద్దవాళ్లు ఎవరైనా మంచాన పడతారు, ఇల్లు మారతారు. ఎవరి తప్పూ ఉండదు.

హాస్టల్, మెస్, బస్సు, దారి ఖర్చులకు నేను వేసినవి అంచనాలే. మీరు ఆయా కాలేజీల అసలు అంకెలు పెట్టుకుని మళ్లీ చూడండి. ప్రైవేటు కాలేజీలో ట్యూషన్ ఫీజు కాకుండా ఇంకేం కట్టాలో, బస్సు, హాస్టల్ తప్పనిసరా కాదా, ఫీజు నాలుగున్నరేళ్లకా అయిదేళ్లకా అన్నది కాగితం మీద తీసుకోండి. నోటిమాట వద్దు.

దూరం సంగతి దీనికంటే పెద్దది. వనస్థలిపురం నగరానికి ఒక కొస, మేడ్చల్ ఇంకో కొస. రానూపోనూ రోజుకు దగ్గర దగ్గర 80 కిలోమీటర్లు. మహాలక్ష్మి పథకంలో అమ్మాయికి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితమే కదా, కాలేజీ బస్సు డబ్బు కూడా మిగులుతుంది అని మీకు తట్టే ఉంటుంది. తెలంగాణ చిరునామాతో ఆధార్ ఉంటే ఉచితమే. వనస్థలిపురంలో ఎక్కి, సికింద్రాబాద్‌లో దిగి, మేడ్చల్ బస్సు పట్టుకుని, రోడ్డు మీద దిగాక కాలేజీ దాకా ఆటో. ఉదయం ఆరింటికి బయటపడాలి. తొమ్మిది గంటల క్లాసు, మధ్యాహ్నం డిసెక్షన్ (శవాన్ని కోసి నేర్చుకునే క్లాసు), సాయంత్రం నాలుగు తర్వాత వదిలితే ఇల్లు చేరేసరికి ఏడు. అప్పుడు అన్నం తిని అనాటమీ రికార్డు గీయాలి. థియరీలో 75 శాతం, ప్రాక్టికల్స్‌లో 80 శాతం హాజరు లేకపోతే పరీక్ష రాయనివ్వరు. అందుకని ఒంట్లో బాగోలేకపోయినా వెళ్లాల్సిందే. ఫస్టియర్‌లో ఒక సబ్జెక్టు పోయి, సప్లిమెంటరీలోనూ గట్టెక్కకపోతే అమ్మాయి ఒక బ్యాచ్ వెనకబడుతుంది. అలా పోయే ప్రతి నెలకూ మీరు మళ్లీ 11 వేలు కట్టుకోవాలి. ప్రయాణంలో పోయే రోజుకు అయిదారు గంటల ఖరీదు అలా బయటపడుతుంది.

బంధువుల ఇంట్లో ఉన్న అమ్మాయి గురించి ఇంకో మాట, మీ బావమరిది గారిని తప్పుపట్టి అనడం లేదు. వాళ్ల అత్తయ్య ఎంత మంచివారైనా, రాత్రి పన్నెండింటి దాకా హాల్లో లైటు వేసుకుని చదవడానికి ఆ పిల్ల మొహమాటపడుతుంది. ఇంటికి చుట్టాలొస్తే గది ఖాళీ చేస్తుంది. ఆదివారం వంటింట్లో సాయం చేయకుండా పుస్తకం పట్టుకు కూర్చోలేదు. చేయాలని ఎవరూ అడగరు కూడా. మీరేమో పండగకీ పబ్బానికీ ఉత్త చేతులతో ఆ గుమ్మం తొక్కలేరు. బట్టలు, బియ్యం బస్తా, పిల్లల పుట్టినరోజులు, ఇవన్నీ లెక్కలోకి రాని ఖర్చులు. ఇవ్వకపోతే మాట, ఇస్తే బరువు.

ఆసిఫాబాద్‌లో అంతా బాగుంటుందని నేను చెప్పను. ఆ కాలేజీ 2023లో మొదలైంది. తెలంగాణలోని చాలా ప్రభుత్వ మెడికల్ కాలేజీలకు సిబ్బంది కొరత మీద 2025లో జాతీయ వైద్య కమిషన్ నోటీసులు ఇచ్చింది. కొత్త జిల్లా కాలేజీల్లో ప్రొఫెసర్ల కొరత నిజం. మిర్యాలగూడ నుంచి సికింద్రాబాద్ వచ్చి, బల్లార్షా వైపు రైలెక్కి, ఆసిఫాబాద్ రోడ్‌లో దిగి, మళ్లీ బస్సో ఆటోనో పట్టుకోవాలి. ఇంటికి రావాలంటే రాకకు ఒక రోజు, పోకకు ఒక రోజు. జ్వరం వస్తే గంటలో మీరు పక్కన ఉండలేరు. మరోపక్క ఆ జిల్లా ఆస్పత్రికి వచ్చే రోగుల్లో మలేరియా, రక్తహీనత, ఆదివాసీ గూడేల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు లాంటివి కళ్లారా చూస్తుంది. గోండి, మరాఠీ మాట్లాడే రోగులతో తంటాలు పడుతుంది, నేర్చుకుంటుంది. కష్టమైన కేసులు మాత్రం మంచిర్యాలకో, ఆదిలాబాద్ రిమ్స్‌కో, హైదరాబాద్‌కో వెళ్లిపోతాయి. ఆ లోటు ఉంటుంది. ప్రైవేటు కాలేజీకి పెద్ద భవనాలు ఉన్నంత మాత్రాన ఈ లోటు ఉండదనుకోకండి. ఒక మామూలు రోజు, ఉదయం పదకొండింటప్పుడు ఆ కాలేజీ ఆస్పత్రి ఓపీ దగ్గర అరగంట కూర్చుని ఎంతమంది రోగులు వస్తున్నారో చూసి రండి. తనిఖీల రోజున మాత్రం వెళ్లకండి.

ఇంటర్న్‌షిప్ సంవత్సరం కూడా లెక్కలో వేయాలి. ప్రభుత్వ కాలేజీలో హౌస్ సర్జన్‌కు, అంటే ఇంటర్న్‌షిప్ చేసే విద్యార్థికి, నెలకు 29 వేల పైచిలుకు స్టైపెండ్ వస్తుంది. ఆ ఏడాదికి 3 లక్షలకు తక్కువ కాదు. ఆలస్యంగా పడుతుంది, పిల్లలు ధర్నాలు చేస్తే గానీ కదలదు, అది వేరే కథ. కొన్ని ప్రైవేటు కాలేజీల్లో ఇచ్చేది నామమాత్రం. అందుకని స్టైపెండ్ ఎంతో సీనియర్లను అడగండి. కాలేజీ ఆఫీసులో చెప్పే అంకెకూ పిల్లల అకౌంట్లో పడే అంకెకూ పొంతన ఉండకపోవచ్చు.

మీ కులం, ఆదాయ ధ్రువపత్రం సంగతి మీరు రాయలేదు. ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల వెబ్‌సైటు ఈపాస్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అర్హత ఉంటే ప్రైవేటు సీటు 60 వేల లెక్క చాలా తేలికపడుతుంది. అయితే ప్రభుత్వం నుంచి బకాయిలు రాలేదని, ముందు మీరు కట్టండి, వచ్చాక తిరిగిస్తాం అనే కాలేజీలు ఉన్నాయి. ఏడాది ఫీజు చేతిలో లేకుండా ఆ ధైర్యం చేయొద్దు.

నిజానికి మీరు రెండే దారులు ఉన్నాయనుకోవడం నాకు నచ్చలేదు. నల్గొండ, సూర్యాపేట ప్రభుత్వ కాలేజీలు మీ ఇంటికి గంటన్నర దూరంలోపే. కౌన్సెలింగ్ మొదటి విడతలో రాకపోయినా, పై ర్యాంకుల వాళ్లు అఖిల భారత కోటాకో ఇంకో చోటికో వెళ్లిపోతే తర్వాతి విడతల్లో కిందికి దిగుతాయి. ఖమ్మం, మహబూబాబాద్, జనగామ, భువనగిరి అన్నీ సికింద్రాబాద్ - ఖమ్మం రైలు దారి మీదే ఉన్నాయి. 2024లో నగరం అంచున కుత్బుల్లాపూర్, మహేశ్వరం పేర్లతో ప్రభుత్వ కాలేజీలు వచ్చాయి. మీ బావమరిది గారి ఇల్లు ఎప్పుడైనా పనికొచ్చేదుంటే అది మహేశ్వరం విషయంలోనే. అక్కడా ఒక జాగ్రత్త: కాలేజీ పేరులో ఉన్న ఊరు ఒకటి, క్లాసులు జరిగే చోటు ఒకటి, రోగులున్న ఆస్పత్రి మరోచోటు కావచ్చు. మూడూ ఎక్కడున్నాయో కనుక్కున్నాకే ఆప్షన్ పెట్టండి. పాత కాలేజీలకూ ఇది వర్తిస్తుంది. గాంధీలో కాలేజీ, ఆస్పత్రి ఒకే ప్రాంగణం. ఉస్మానియా విద్యార్థి కోఠిలో చదువుకుని అఫ్జల్‌గంజ్ ఆస్పత్రికి, పిల్లల వార్డులకు నీలోఫర్‌కు, కళ్ల పోస్టింగుకు మెహదీపట్నం సరోజినీకి, మానసిక వైద్యానికి ఎర్రగడ్డకు తిరగాలి. ఊరు ఒకటే, ఫీజు ఒకటే, దారి ఖర్చు మాత్రం ఒకటి కాదు.

నల్గొండ వస్తే రోజూ ఇంటి నుంచే ఉచిత బస్సులో పంపుదామని మీ ఇంట్లో అనుకుంటారు. ఫస్టియర్ అయ్యేదాకా పంపకండి. హాస్టల్లో పెట్టండి.

చేతి ఖర్చుకు 3 వేలు చాలా అని అమ్మాయి అడగొచ్చు. మెస్ బాగుంటే చాలుతుంది. చాలా ప్రభుత్వ హాస్టళ్లలో మెస్ పిల్లలే నడుపుతారు. నెలంతా అయిన ఖర్చును తిన్నవాళ్ల మీద పంచుతారు. సెలవుల నెలలో తినేవాళ్లు తగ్గితే తలకు పడే బిల్లు పెరుగుతుంది. మెస్ బాగోలేని చోట బిల్లు కట్టి మళ్లీ రాత్రి కర్రీ పాయింట్‌కో, ఫోన్‌లో బిర్యానీకో ఖర్చు పెడతారు. నెల తిరిగేసరికి ఫోన్‌పేలో చూసుకుంటే మెస్ బిల్లు కంటే బయటి తిండే ఎక్కువ ఉంటుంది. పుస్తకాలు, ఎముకల సెట్టు, ఏప్రాన్ కొత్తవి కొనకండి, సీనియర్లు సగం ధరకు ఇస్తారు. థర్డ్ ఇయర్ నుంచి పీజీ కోచింగ్ యాప్‌ల ఖర్చు మొదలవుతుంది, దానికి ఇప్పటి నుంచే నెలకు వెయ్యి పక్కన వేయండి. మొదటి ఏడాదే ఇబ్బంది అనిపిస్తే 4 లక్షల లోపు విద్యారుణానికి సాధారణంగా తాకట్టు ఉండదు, హాస్టల్ ఖర్చు కూడా అందులో చూపించుకోవచ్చు.

ఆప్షన్లు ఇలా పెట్టండి: నల్గొండ, సూర్యాపేట పైన, తర్వాత మహేశ్వరం, రైలు దారి మీది ప్రభుత్వ కాలేజీలు, ఆ కింద ఆసిఫాబాద్, అన్నిటికంటే అడుగున ప్రైవేటు. అదీ ఈపాస్ అర్హత ఉంటేనే. తర్వాతి విడతలో పై ఆప్షన్ వస్తే చేతిలో ఉన్న సీటు దానంతటదే పోతుంది, కాబట్టి నిజంగా వెళ్లని కాలేజీని పైన పెట్టొద్దు. లిస్టు ఖాయం చేసే ముందు అమ్మాయిచేత ప్రతి కాలేజీలో ఫస్టియర్ చదివే ఒక అమ్మాయికి ఫోన్ చేయించండి. పోయిన నెల మెస్ బిల్లు ఎంతొచ్చింది, గదికి ఎంతమంది, హాస్టల్ నుంచి ఆస్పత్రికి ఎలా వెళ్తారు, రాత్రి తొమ్మిదికి తిరిగి రావాలంటే బండి దొరుకుతుందా. ఈ నాలుగు ప్రశ్నలకు వచ్చిన జవాబులు రాసుకుని, నేను పైన వేసిన అంకెల చోట అవి పెట్టి మళ్లీ కూడండి.