నొప్పి లేకపోయినా కళ్లు చూపించుకో

చి. సౌ. అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

సాయంత్రమయ్యేసరికి కళ్లు మండుతున్నాయనీ, ఈ కంప్యూటర్ ఉద్యోగంతో చూపు పోతుందేమోననీ రాశావు. ఆ బెంగ పెట్టుకోకు. తెర చూస్తే కళ్లు అలసిపోతాయి, అంతే. మామూలుగా నిమిషానికి 15 సార్ల దాకా రెప్పలు వేస్తాం. తెరకు కళ్లప్పగించి కూర్చున్నప్పుడు అందులో సగం కూడా వేయం, వేసినవీ సగం సగమే. దాంతో కంటి మీద తడి ఆరిపోయి మంట మొదలవుతుంది. 20 నిమిషాలకోసారి తలెత్తి, 20 అడుగుల అవతల ఉన్న దేన్నైనా 20 సెకన్లు చూడు. రెప్పలు గట్టిగా నాలుగుసార్లు మూసి తెరువు. తెరను కంటికన్నా కాస్త కిందికి పెట్టుకో, అప్పుడు రెప్ప వాలి కన్ను తక్కువ ఆరుతుంది. నీలి కాంతిని ఆపే కళ్లద్దాల మీద మాత్రం డబ్బు తగలేయకు. వాటితో అలసట తగ్గుతుందనడానికి గట్టి ఆధారమేమీ లేదు.

కంటి ఆసుపత్రిలో ఇన్నేళ్లు చూపు పరీక్షలు చేసినదాన్ని. మంట, నీరు కారడం ఉన్నవాళ్లు వెంటనే పరుగెత్తుకొస్తారు. నా భయమంతా ఏ బాధా లేదని రానివాళ్ల గురించే. నీటికాసుల జబ్బు (గ్లకోమా), అంటే కంటి వెనక నరం దెబ్బతినే జబ్బు, చాలామందిలో నొప్పి లేకుండానే ముదురుతుంది. మొదట పక్కచూపు పోతుంది. ఎదుటి మనిషి ముఖం, పేపర్లో అక్షరాలు బాగానే కనిపిస్తుంటాయి కదా, ఇక అనుమానం ఎందుకొస్తుంది? పైగా ఒక కంటి లోటును రెండో కన్ను కప్పేస్తుంది. అలా పోయిన చూపు ఏ మందుతోనూ, ఏ ఆపరేషన్‌తోనూ తిరిగి రాదు, మిగిలింది నిలబెట్టుకోవడమే. శుక్లం అలా కాదు, ఆపరేషన్‌తో చూపు వస్తుంది. ఈ రెండూ ఒకటేననుకుని, "ముదిరాక చేయించుకుందాంలే" అని కూర్చునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

నీకూ నలభై వచ్చాయి, చత్వారం ఎలాగూ పలకరిస్తుంది. అద్దాల కోసం వెళ్లినప్పుడు నంబరు రాయించుకుని వచ్చేయకు. కంటి ఒత్తిడి కొలవమను, కంటి వెనక నరం చూడమను. మీ ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉన్నాయంటే ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పు. అల్లుడుగారికి షుగర్ అన్నావు. ఆయన చూపు ఎంత బాగున్నా సరే, ఏడాదికోసారి చుక్కలు వేయించి రెటీనా, అంటే కంటి లోపల వెనక ఉండే పొర, చూపించాలి. ఆ తర్వాత కొన్ని గంటలు మసకగా ఉంటుంది, బండి ఆయన నడపకూడదు.

ఇంట్లో అప్పుడప్పుడూ ఒక్కో కన్నూ అరచేత్తో మూసి గోడమీది క్యాలెండర్ చూడండి. రెండు కళ్లకూ తేడా ఉంటే అప్పుడే తెలుస్తుంది. కంట్లో మెరుపులు, ఒక్కసారిగా బోలెడు నల్లచుక్కలు, పరదా దించినట్టు నీడ, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు, అది రెటీనా ఊడుతున్న సూచన కావచ్చు. యాసిడ్ లాంటిది కంట్లో పడితే ఆసుపత్రికి బయల్దేరే ముందే, కనీసం పావుగంట ధారగా మంచినీళ్లు పోయాలి.

కన్ను ఎర్రబడిందని ఎవరో వాడి వదిలేసిన చుక్కల మందు వేసుకోవద్దు. అందులో స్టెరాయిడ్ ఉంటే ఎరుపు తగ్గుతుంది, హాయిగానూ ఉంటుంది. వారాల తరబడి వాడితే మాత్రం కొందరిలో కంటి ఒత్తిడి పెరిగి నీటికాసులు తెచ్చిపెట్టవచ్చు.

పిల్లాడిని పగటి వెలుగులో రోజూ ఓ రెండు గంటలు బయట ఆడనివ్వండి, దూరం కనిపించని సమస్య రావడం తగ్గుతుంది. వాడికి అద్దాలు రాస్తే పెట్టించండి. పెట్టుకుంటే నంబరు పెరుగుతుందన్నది ఉత్త మాట.

పరీక్షకు వెళ్లేటప్పుడు పాత చీటీలు, ఇప్పుడు వాడే అద్దాలు వెంట తీసుకెళ్లు. ఏ కంట్లో ఒత్తిడి ఎంతుందో రాయించుకుని ఆ అంకెలు నాకు పంపు.

మీ పెద్దమ్మ