ఎంపీసీ పుస్తకాల్లో బైకుల బొమ్మలు గీసే అబ్బాయి గురించి

అక్కా, మీవాడు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, పుస్తకం తెరవడు, తెరిచినా మార్జిన్లలో బైకుల బొమ్మలే అన్నారు కదా. నాకైతే అది బద్ధకంలా అనిపించట్లేదు, బద్ధకస్తుడు అర్ధరాత్రిదాకా కూర్చుని సైలెన్సర్‌కి షేడింగ్ ఇవ్వడు.

ముందు "నీ లక్ష్యం ఏంటి" అని అడగడం ఆపేయండి. ఆ వయసులో దానికి జవాబు ఉండదు (మనకి మాత్రం ఉందా ఏంటి!). బదులుగా బొమ్మ గురించే అడగండి, ఈ హ్యాండిల్ ఎందుకిలా వంచావు, నడిపేవాడికి నడుం నొప్పి రాదా అని. వాడికి గీయడమే ఇష్టమా, లేక బండి ఎలా ఉండాలో ఆలోచిస్తున్నాడా అన్నది అక్కడే తేలిపోతుంది. గీయడమే అయితే హైదరాబాద్‌లోని ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్ఏఎఫ్ఏయూలో బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) ఉంది. రెండోదైతే డిజైన్ కోర్సులు చూడండి: ఐఐటీ బాంబే నిర్వహించే యూసీడ్ అనే డిజైన్ ప్రవేశపరీక్ష రాస్తే ఐఐటీ హైదరాబాద్‌లోనూ బీడిజైన్ సీటుకి పోటీపడొచ్చు, ఏ గ్రూపువాళ్లైనా రాయొచ్చు. పరీక్ష జనవరిలో, దరఖాస్తులు మామూలుగా అక్టోబరులోనే మొదలవుతాయి, అది మిస్సవకండి. ఎన్ఐడీకి (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) పరీక్ష వేరే, ఆంధ్రప్రదేశ్‌లో కూడా ఓ ఎన్ఐడీ ఉంది.

ఇంటర్ పాసవకపోతే ఇవేవీ దక్కవు. ఆ మాట మీరు చెప్తే క్లాసు పీకినట్టుంటుంది, అర్హతల పేజీ వాడిచేతే చదివించండి. ఫిజిక్స్ మీద ప్రేమ పుట్టకపోవచ్చు, కానీ ఎందుకు చదవాలో తెలుస్తుంది. బొమ్మల పుస్తకం మాత్రం లాక్కోవద్దు. బావగారు ఒప్పుకోరన్నారు కాబట్టి, కాలేజీలు, ఫీజులు, సీట్ల వివరాలు ఓ కాగితం మీద వాడినే రాసి ఆయనకి ఇవ్వమనండి.