మేనిఫెస్టులో లేని సరుకు

తమ్ముడూ,

నీ కథ నిన్న రాత్రి రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని. "మేనిఫెస్టేషన్" పద్నాలుగు చోట్ల ఉంది. ఆ అమ్మాయి "నాకు ఉద్యోగం వచ్చేసింది" అని నోటుపుస్తకంలో యాభై అయిదుసార్లు రాసుకోవడం మేనిఫెస్టేషన్, వాళ్ళమ్మకి ఒంటి మీద దద్దుర్లు లేవడం మేనిఫెస్టేషన్, సింహాచలంలో చందనం తీశాక స్వామి కనబడటం కూడా అదే. కోపం వచ్చింది, అందుకే ఇంత తొందరగా రాస్తున్నాను.

2024లో కేంబ్రిడ్జ్ నిఘంటువు వాళ్ళు "మేనిఫెస్ట్"ని ఆ ఏటి మాటగా ఎంచుకున్నారు, గట్టిగా అనుకుంటే అయిపోతుందన్న అర్థం అంతగా పాకింది. ఉద్యోగాల టెన్షన్‌లో ఉన్న పిల్లలు దాన్ని పట్టుకుంటే తప్పుపట్టను. మా అమ్మా "తథాస్తు దేవతలుంటారు, అశుభం పలక్కు" అనేది. నీ కథలో అమ్మమ్మ ఉంది కదా, ఆవిడ నోట ఆ మాట ఒక్కసారైనా ఎందుకు రాలేదు?

దేవుడు వెలుస్తాడు. అమ్మవారు పూనుతుంది. రోగం బయటపడుతుంది, కోరిక ఫలిస్తుంది. సింహాచలం అప్పన్నకి ఏడాదంతా చందనమే, వైశాఖ శుద్ధ తదియ ఒక్కనాడే నిజరూపం. రాత్రంతా క్యూలో నిలబడ్డ ముసలమ్మ "నిజరూపం చూశాను బాబూ" అంటుంది. ఇన్ని మాటలు ఇంట్లో పెట్టుకుని ఒక్కదానితో ఎందుకు సరిపెట్టావు?

నా మూడో కథలో "వాడి కుళ్ళు బయటపడింది" అని రాస్తే ఒక వారపత్రిక సంపాదకుడు "అతని అంతరంగం అభివ్యక్తమైంది" అని దిద్ది అచ్చేశాడు. ముప్పయ్యేళ్ళయినా ఆ పేజీ చూస్తే కడుపు రగిలిపోతుంది. ఆయన సంస్కృతంతో చేసిన పని నువ్వు ఇంగ్లీషుతో చేస్తున్నావు.

అసలు మేనిఫెస్ట్ అన్న మాట పుట్టుకలోనే చెయ్యి ఉంది. లాటిన్‌లో మానుస్ అంటే చెయ్యి, సొత్తుతో సహా పట్టుబడ్డ దొంగని మానిఫెస్టుస్ అనేవాళ్ళు. నాకైతే ఆ మాట హార్బర్‌లో తెలిసింది. ఆరేళ్ళు ఒక షిప్పింగ్ ఏజెన్సీలో గుమస్తాగా చేశాను. ఓడ వస్తోందంటే కార్బన్లు పెట్టి మేనిఫెస్టు, అంటే ఓడలోని సరుకు జాబితా, టైపు చెయ్యాలి: ఎన్ని పెట్టెలు, ఎన్ని బస్తాలు, వాటి మీద ఏం గుర్తులు, ఎవరికి. మేనిఫెస్టులో లేని సరుకు దించకూడదని 1962 నాటి కస్టమ్స్ చట్టమే చెబుతుంది. ఓ రాత్రి నిద్రమత్తులో ఒక వరస వదిలేశాను. పన్నెండు పెట్టెలు ఓడలో కళ్ళెదుటే ఉన్నాయి, కాగితం మీద లేవు. సవరణ చేయించడానికి మర్నాడు మధ్యాహ్నం దాకా అన్నం లేకుండా తిరిగాను. ఈ రోజుకీ కథలో ఒక వస్తువు పెట్టానంటే అది ముందు ఎక్కడ చెప్పానో వెనక్కి తిప్పి చూసుకుంటాను.

అందుకే నీ ఆరో పేజీ దగ్గర ఆగిపోయాను. జెట్టీ మీద వర్షంలో నాన్న చొక్కా లోపల దాచుకున్న మేనిఫెస్టు కాపీ తీసి, చెవి మీది పెన్సిలుతో ఒక్కో పెట్టెకీ టిక్కు పెడతాడు. రెండే వాక్యాలు! మళ్ళీ ఆ నోటుపుస్తకం దగ్గరికి పరిగెత్తావు. ఆయన కాగితంలో ఉన్నవన్నీ ఓడలో ఉన్నాయి, కూతురి కాగితంలో ఉన్నది ఇంకా రాలేదు. ఇద్దరూ ఒకే ఇంట్లో అన్నం తింటారు. ఇంతటి కథ చేతిలో పెట్టుకుని ఎలా వదిలేశావయ్యా?

కలం పేరు గురించీ, ఏ పత్రికకి పంపాలన్నదాని గురించీ అడిగావు. అవి తర్వాత చూద్దాం. తడిసిన ఆ కాగితం నాన్న ఇంటికొచ్చి ఎక్కడ ఆరేశాడు, ఆ అమ్మాయి దాన్ని చూసిందా, అది రాసి పంపు.