గ్రాంటు అప్లికేషన్ కన్నా ముందు బాండు కాగితం చదవండి

ప్రశ్న: మాది చెన్నై, పెరంబూరు. ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో పనిచేసిన తెలుగువాళ్ళు 1963లో పెట్టుకున్న గ్రంథాలయ సంఘానికి ఇప్పుడు నేను కార్యదర్శిని. తొమ్మిది వేల పుస్తకాలు, పాత వారపత్రికల బైండింగులు, ఒక చెక్కపెట్టెలో నలభై దాకా తాళపత్రాల కట్టలు ఉన్నాయి. స్థలం 1971లో ఒక పెద్దాయన స్టాంపు కాగితం మీద రాసిచ్చినది. ఇప్పుడు ఆయన లేరు. పైన ఒక గది వేసి, కింద చిన్న మ్యూజియం పెట్టాలని మా ఆశ. కేంద్రం గ్రాంటు ఇస్తుందని విన్నాం. ఒకాయన పది శాతం ఇస్తే అన్నీ తనే చూసుకుంటానంటున్నాడు. అప్లై చేయొచ్చా? తెలుగు లైబ్రరీ అని తమిళనాడులో పక్కన పెట్టేస్తారా? రేపు ఏదైనా తేడా వస్తే నా మీదకి వస్తుందా? నాకు 69 ఏళ్ళు. ఆ టెన్షన్‌తోనే రాస్తున్నాను.

జవాబు: మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తానండి. వస్తుంది. సంఘం మీదకే కాదు, సంతకం పెట్టిన మీ మీదకి, మీ తోటి కార్యవర్గ సభ్యుల మీదకి వస్తుంది. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. గ్రాంటు మంజూరైందన్న సంతోషంలో చాలామంది చదవకుండా సంతకం చేసే కాగితం ఒకటుంది, దాని గురించి చెప్పాలి.

కేంద్ర ప్రభుత్వం ఏ సంస్థకి గ్రాంటు ఇచ్చినా జనరల్ ఫైనాన్షియల్ రూల్స్, 2017 ప్రకారం ఇస్తుంది. స్వచ్ఛంద సంస్థలైతే డబ్బు విడుదలకి ముందు కార్యవర్గ సభ్యులు ఒక బాండు రాసివ్వాలని అందులో ఉంది. షరతులు తప్పితే మొత్తం డబ్బు గానీ కొంత గానీ ఏడాదికి 10 శాతం వడ్డీతో తిరిగి కడతామని ఆ బాండు సారాంశం. అందులో 'జాయింట్లీ అండ్ సెవరల్లీ' అనే మాట ఉంటుంది. అంటే ఏడుగురు సంతకం పెడితే ఒక్కొక్కరి మీద ఏడో వంతు పడుతుందని కాదు. మొత్తం సొమ్ము ఆ ఏడుగురిలో ఏ ఒక్కరి నుంచైనా రాబట్టుకోవచ్చు. పింఛను వచ్చే మనిషి, సొంత ఫ్లాటు ఉన్న మనిషి ఎవరో అక్కడికే నోటీసు వస్తుంది. పైగా ప్రభుత్వం దావా వేయడానికి లిమిటేషన్ చట్టం 30 ఏళ్ళ గడువిచ్చింది. మనలాంటి వాళ్ళకి అప్పు వసూలుకి మూడేళ్ళే.

కొన్నేళ్ళ కిందట నా దగ్గరికి ఒక చిన్న లైబ్రరీ వాళ్ళు అలాంటి నోటీసుతోనే వచ్చారు. బీరువాలు, బల్లలు చేయించడానికి గ్రాంటు తీసుకున్నారు. నిజంగానే చేయించారు, నేను వెళ్ళి చూశాను. మంచి టేకు చెక్క, నేటికీ బిగువుగా ఉన్నాయి. కానీ వడ్రంగికి నగదు ఇచ్చి, తెల్లకాగితం మీద రెవెన్యూ స్టాంపు అంటించి రసీదు రాయించుకున్నారు. కొటేషన్లు లేవు, తీర్మానం లేదు. కోశాధికారి పోయాక లెక్కల పుస్తకం వాళ్ళ ఇంట్లోనే ఎక్కడో పడిపోయింది. డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్ వెళ్ళలేదు. ఎవరూ పైసా తినలేదు, అయినా జవాబు చెప్పడానికి చేతిలో ఏమీ లేదు. కళ్ళ ముందు బీరువా ఉన్నా అది ఈ డబ్బుతోనే చేయించిందని ఎలా చూపిస్తారు? చివరికి ఆ వడ్రంగి కొడుకు చేత అఫిడవిట్ రాయించి, బ్యాంకు విత్‌డ్రాయల్ తేదీలతో జత చేసి కొంతవరకు బయటపడ్డాం. ఆ ముసలివాళ్ళు రెండేళ్ళు నిద్రపోలేదు.

మీకు ఆ పరిస్థితి రాకూడదంటే గ్రాంటుకి వేరే బ్యాంకు ఖాతా తెరవండి. ఇద్దరి సంతకాలతో నడిచేలా పెట్టుకోండి, ప్రతి చెల్లింపూ చెక్కు ద్వారా గానీ ఆన్‌లైన్‌లో గానీ చేయండి. ఏ పనికి మంజూరైందో ఆ పనికే ఖర్చు పెట్టాలి. బీరువాలకిచ్చిన డబ్బుతో ఫ్యాన్లు కొంటే ఫ్యాన్లు ఎంత అవసరమైనా అది షరతు తప్పడమే. ఆ ఖాతాలో పడిన వడ్డీ కూడా మీది కాదు, ప్రభుత్వానికి తిరిగి కట్టాలి. ఆర్థిక సంవత్సరం ముగిశాక 12 నెలల్లోపు ఫారం 12-ఏలో యుటిలైజేషన్ సర్టిఫికెట్ పంపాలి. ఈ డబ్బుతో కొన్న వస్తువుల్ని అనుమతి లేకుండా అమ్మకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు. ఒకే పనికి ఇంకో శాఖ నుంచి కూడా గ్రాంటు తీసుకోకూడదు. ఈ కాస్త క్రమం ఉంటే బాండుకి భయపడనక్కర్లేదు.

ఇక అసలు చిక్కు మీ స్థలం. మీరు పంపిన జిరాక్సు చూశాను. నీలి సిరాతో, చక్కటి దస్తూరీలో "నా మనస్ఫూర్తిగా గ్రంథాలయమునకు ఇచ్చివేసితిని" అని ఉంది. కింద ఒకే సాక్షి సంతకం. రిజిస్ట్రారు ఆఫీసు ముద్ర ఎక్కడా లేదు. ఆ పెద్దాయన మనసు మీద నాకు అనుమానం లేదు గానీ చట్టం దృష్టిలో ఇది దానపత్రం కాదు. స్థిరాస్తి దానానికి రిజిస్టరైన పత్రం, కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలని ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి ఆ స్థలం కాగితం మీద ఇప్పటికీ ఆయన వారసులదే. సంఘం పేరున ఉన్న కరెంటు బిల్లు, ఆస్తి పన్ను రసీదులు మీరు అక్కడ ఉన్నారని చెప్తాయి, స్థలం మీదేనని చెప్పవు. ఐదు దశాబ్దాలుగా మీ అనుభవంలో ఉంది కాబట్టి హక్కు వచ్చేసిందని కోర్టులో వాదించవచ్చు, వాదనకి బలమూ ఉంది. కానీ గ్రాంటు ఇచ్చే ఆఫీసు కోర్టు డిక్రీ చూస్తుంది గానీ వాదన చూడదు.

వారసులకి ముందే లాయర్ నోటీసు పంపకండి. పళ్ళూ పూలూ పట్టుకుని, పాత సభ్యులు ఇద్దర్ని వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళండి. ఆ కాగితం చూపించండి. ఆయన అక్షరాలు చూస్తే పిల్లల మనసు కరుగుతుందని నా నమ్మకం. వాళ్ళు ఒప్పుకుంటే వారసత్వ సర్టిఫికెట్ తీసుకుని, ఆడపిల్లలతో సహా వారసులందరూ కలిసి సంఘం పేరున దానపత్రం రిజిస్టరు చేయాలి. ఒక్కరు తప్పినా లొసుగే. రక్తసంబంధీకుల మధ్య సెటిల్‌మెంటుకి ఉండే స్టాంపు సుంకం రాయితీ సంఘానికి రాదు, కాబట్టి ఖర్చు ముందే లెక్క చూసుకోండి. అంత ఖర్చు మోయలేమంటే దీర్ఘకాలం లీజు రాయించుకోండి. అదీ రిజిస్టరు కావాలి. ఇది తేలేవరకు పైగదికి గ్రాంటు అడగొద్దని నా సలహా. డబ్బు తీసుకుని గోడ లేపాక వారసుల్లో ఒకరు స్టే తెచ్చారనుకోండి, పని ఆగిపోతుంది, గడువు దాటిపోతుంది, బాండు మాత్రం మీ మెడకే ఉంటుంది. ఈలోగా పుస్తకాలకి, బీరువాలకి, కంప్యూటర్‌కి ప్రయత్నించండి.

దీనికి సరైన చోటు కోల్‌కతాలోని రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్. రామ్మోహన్ రాయ్ ద్విశత జయంతి సందర్భంగా 1972లో పెట్టారు, కేంద్ర సాంస్కృతిక శాఖ కింద నడుస్తుంది. రాష్ట్రం తన వాటా కలిపితే వచ్చే మ్యాచింగ్ స్కీములు కొన్ని, ఫౌండేషన్ తన డబ్బుతోనే ఇచ్చే నాన్ మ్యాచింగ్ స్కీములు కొన్ని ఉన్నాయి. స్వచ్ఛంద సంస్థలు నడిపే లైబ్రరీలకిచ్చే సాయం రెండో రకంలోకి వస్తుంది. అప్లై చేసే ముందు ఇక్కడి ప్రజా గ్రంథాలయ శాఖ ఆఫీసుకి ఒకసారి వెళ్ళి, మీరు అడగబోయే స్కీముకి రాష్ట్రం సిఫార్సు కావాలా అని కనుక్కోండి.

తెలుగు లైబ్రరీ అని పక్కన పెట్టే హక్కు ఎవరికీ లేదు. తమ భాషని కాపాడుకునే హక్కు రాజ్యాంగం 29వ అధికరణం ఇచ్చింది. చెన్నైలో ఆస్తి పన్నుతో పాటు లైబ్రరీ సెస్సు కడుతున్నవాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. స్వతంత్ర భారతంలో మొదటి గ్రంథాలయ చట్టం 1948లో వచ్చింది ఈ ఉమ్మడి మద్రాసులోనే, అది అప్పుడు మనందరి చట్టం. కాబట్టి మొహమాటపడుతూ అడగకండి. అయితే గ్రాంటు హక్కుగా రాదు, అర్హతని బట్టి, నిధుల్ని బట్టి వస్తుంది. జవాబు రాకపోతే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, మీ ఫైలు ఎక్కడుందో 30 రోజుల్లో చెప్పాలి. భాష కారణంగానే తోసేశారని కాగితం మీద తేలితే మద్రాసు హైకోర్టులో రిట్ వేయవచ్చు.

పది శాతం అడిగిన మనిషిని ఈరోజే వద్దనండి. ఆ పది శాతం ఎక్కడినుంచి వస్తుంది? గ్రాంటులోంచే. అంటే లక్షకి తొంభై వేల పని చేయించి లక్ష బిల్లు పెట్టాలి. ఆ దొంగ బిల్లు కింద సంతకం ఆయనది కాదు, మీది. ఆఫీసర్లని 'చూసుకోవడానికి' డబ్బు తీసుకోవడం 2018 సవరణ తర్వాత అవినీతి నిరోధక చట్టం 7ఏ సెక్షన్ కింద నేరం. ఇచ్చినవాడికి కూడా 8వ సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా జైలు పడొచ్చు. అప్లికేషన్ రాసిపెట్టినందుకు, ప్రాజెక్టు రిపోర్టు తయారు చేసినందుకు సంఘం సొంత డబ్బులోంచి రసీదు తీసుకుని ఫీజు ఇస్తే తప్పులేదు. రెండూ ఒకటి కాదు. ఇంకో మాట, ఆయన మీ సంఘాన్ని ఎన్జీవో దర్పణ్ అనే, స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే ప్రభుత్వ పోర్టల్‌లో తన ఫోన్ నంబరుతో, తన ఈమెయిల్‌తో నమోదు చేసేసి ఉంటే వెంటనే మార్పించండి. ఆ పోర్టల్‌లో వచ్చే ఐడీ లేకుండా కేంద్రం గ్రాంటు ముందుకు కదలదు, తాళం చెవి పరాయివాడి చేతిలో ఉండకూడదు.

కాగితాల సంగతి క్లుప్తంగా చెప్తాను. మీది 1963 నాటి రిజిస్ట్రేషన్ కాబట్టి పాత 1860 సొసైటీల చట్టం కింద అయి ఉంటుంది. అది చెల్లుతుంది, ఇప్పుడు మీకు వర్తించేది మాత్రం తమిళనాడు సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 1975. ఏటా ఆడిట్ లెక్కలు, కార్యవర్గం మార్పులు రిజిస్ట్రారుకి దాఖలు చేయాలి. ఎన్నేళ్ళు బాకీ ఉన్నాయో చూసి, ఆలస్యానికి రుసుము కట్టి పూర్తిచేయండి. ఆదాయపన్ను మినహాయింపు కోసం చేయించే 12ఏ రిజిస్ట్రేషన్ ఉంటే 2021 ఏప్రిల్ తర్వాత దాన్ని కొత్త పద్ధతిలో మళ్ళీ చేయించారో లేదో ఆడిటర్‌ని అడగండి. చాలా చిన్న సంఘాలు అక్కడ జారిపోయాయి.

మ్యూజియం గురించి మీ ఉత్తరంలో ఒక్క వాక్యమే ఉంది గానీ నాకు ఆ చెక్కపెట్టె మీదే మనసు పోయింది. సాంస్కృతిక శాఖకి మ్యూజియంలకి వేరే గ్రాంటు స్కీము ఉంది. దానికి ముందు మీ దగ్గర ఏమున్నాయో మీకే తెలియాలి. 75 ఏళ్ళు దాటి, చారిత్రక, సాహిత్య విలువ ఉన్న రాతప్రతి 1972 పురావస్తు చట్టం ప్రకారం పురావస్తువే. దేశం దాటించకూడదు, లైసెన్సు లేకుండా వ్యాపారం చేయకూడదు. ఒక్కో కట్టకి నంబరు, ఆకుల సంఖ్య, పొడవు వెడల్పు, మొదటి వాక్యం, ఇచ్చినవాళ్ళ పేరు ఒక రిజిస్టరులో రాయండి. ఫొటో తీయండి. ఆ పెట్టెలో మీరే నాఫ్తలీన్ ఉండలు వేసి మూసేయకుండా, చెన్నైలోనే ఉన్న ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం వాళ్ళని సలహా అడగండి. మెకంజీ, సీపీ బ్రౌన్ సేకరించిన తెలుగు ప్రతులు ఉన్నది అక్కడే.

పుస్తకాలకీ ఇలాగే, వచ్చిన ప్రతి పుస్తకాన్నీ నంబరు వేసి రాసే యాక్సెషన్ రిజిస్టరు ఒకటి తప్పనిసరి. ఏటా తొమ్మిది వేలూ లెక్కపెట్టండి. ప్రభుత్వ లైబ్రరీల్లోనే 20 వేల లోపు పుస్తకాలకి ఏటా పూర్తి తనిఖీ అని, చదవడానికిచ్చిన వెయ్యికి ఐదు పోవడం సహజమేనని పైన చెప్పిన జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో ఉంది. మీరు ఆ కొలతనే పెట్టుకుంటే తనిఖీకి వచ్చినవాళ్ళు ఏమీ అనలేరు.

ఈ నెల కార్యవర్గ సమావేశంలో బాండు మాదిరిని అందరి ముందూ తెలుగులో చదివించండి. సంతకం పెట్టేవాళ్ళు ఇంట్లో చెప్పి వచ్చి పెట్టమనండి. ఎవరైనా వద్దంటే వాళ్ళని బలవంతం చేయకండి. అదే రోజు వారసుల ఇంటికి ఎవరెవరు వెళ్తారో కూడా మినిట్స్ పుస్తకంలో రాసుకోండి. వాళ్ళు ఏమన్నారో నాకు రాయండి, దానపత్రం ముసాయిదా నేను రాసిస్తాను.