తెలుగు పుస్తకాల మీద రివ్యూలు రాయడంలో ఆనందం ఎక్కడ, కష్టం ఎక్కడ?

చదివిన పుస్తకాల గురించి రెగ్యులర్‌గా రాయాలనుంది, చాలా ఏళ్ళుగా రాస్తున్నవాళ్ళకి ఇందులో దొరికేదేంటి, ఇబ్బంది ఎక్కడ వస్తుంది అని అడిగారు కదా. నేను ఎక్కువగా తెలుగు కథలు, నవలలు, ఆత్మకథల మీద రాస్తాను కాబట్టి ఆ అనుభవంతోనే చెప్తా. ఇంగ్లీషు పుస్తకాల సంగతి వేరు, అక్కడ పేరున్న రచయిత నవల వచ్చిందంటే వారం తిరక్కుండా బోలెడుమంది రాసేస్తారు, మీరూ నేనూ రాయకపోయినా ఆ పుస్తకానికి పోయేదేం లేదు. తెలుగులో అలా కాదండి. మన దగ్గర కథల పుస్తకం అంటే ఐదొందలో వెయ్యో కాపీలు వేస్తారు, అందులో చాలా భాగం రచయితే స్వయంగా స్నేహితులకీ తోటి రచయితలకీ పంచుకుంటాడు, పేపర్ ఆదివారం అనుబంధంలో నాలుగు వాక్యాలు వస్తే వచ్చినట్టు, లేదంటే "స్వీకారం" కింద పుస్తకం పేరు, పేజీలు, వెల, అంతే. ఐదారేళ్ళు పోయాక ఎవరైనా ఆ పుస్తకం కోసం నెట్‌లో వెతికితే దొరికేది మీరు రాసిన ఆ ఒక్క పేజీనే అయ్యుండొచ్చు. నాకు ఇందులో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే, కూర్చుని రాసేటప్పుడు భయం పెట్టేదీ ఇదే.

ఒకటి చెప్తా. ఆదివారం అబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో ఒక కథల పుస్తకం దొరికింది, ఎనభైల్లో గుంటూరు వైపు రచయిత ఒకాయన సొంత డబ్బులతో వేసుకున్నది, వెల ఎనిమిది రూపాయలు. లోపల ఏదో శాఖా గ్రంథాలయం ముద్ర, వెనక అట్ట లోపలివైపు తేదీలు వేసే చీటీ, ఆ చీటీ మీద ఒక్క తేదీ కూడా లేదు. అంటే లైబ్రరీలో అన్నేళ్ళుండి ఒక్కళ్ళు కూడా ఇంటికి తీసుకెళ్ళలేదు. అందులో ఒక కథ పొగాకు గ్రేడింగ్‌కి వెళ్ళే ఆడవాళ్ళ గురించి. ఒకావిడ సాయంత్రం ఇంటికొచ్చి పిల్లాడికి అన్నం కలిపి పెట్టదు, ఎదురింటి ముసలమ్మని పిలిచి ఆవిడ చేత ముద్దలు పెట్టిస్తుంది. ఎందుకో రచయిత చెప్పడు. రెండు పేజీలు పోయాక ఎక్కడో మాటల్లో, ఎంత కడిగినా చేతులకి పొగాకు చేదు వదలదని ఇంకో మనిషి అంటుంది, అంతే, మనకి అర్థమై గొంతులో ఏదో అడ్డుపడుతుంది. అంత గొప్పగా రాసిన మనిషి పేరు నాకు అప్పటిదాకా తెలీదు, మా సాహిత్యం గ్రూపులో పెద్దవాళ్ళని అడిగినా తెలీదన్నారు. ఆ పుస్తకం మీద పెద్ద వ్యాసమే రాశా, ఆ రెండు పేజీల్లోంచి ఒక పేరా మొత్తం టైప్ చేసి పెట్టా. చాలా కాలం తర్వాత ఆయన కూతురు నుంచి మెయిల్ వచ్చింది, నాన్నగారి పుస్తకం మా ఇంట్లో కూడా ఒక్క కాపీ లేదండి, ఇల్లు మారినప్పుడు పోయాయి, మీ దగ్గరున్నది జిరాక్స్ తీయించి పంపగలరా అని. నేను స్కాన్ చేసుకుని అసలు పుస్తకమే ఆవిడకి పంపించేశా. ఇన్నేళ్ళ రాతలో నాకు అందిన సంతోషాల్లో దాన్ని మించింది లేదు.

ఇక కష్టాల్లో పెద్దది మొహమాటం. తెలుగు సాహిత్యం అంటే చిన్న ఊరు లాంటిది, అందరికీ అందరూ తెలుసు. పుస్తకం పోస్టులో వస్తుంది, మొదటి పేజీలో "ఆత్మీయంగా" అని సంతకం ఉంటుంది, పది రోజులకి "అన్నా, పుస్తకం అందిందా" అని మెసేజ్, ఇంకో పది రోజులకి "చదివారా", ఆ తర్వాత ఫోన్. ఆ మనిషి మంచివాడు, పుస్తకం వేయడానికి జేబులోంచి నలభై యాభై వేలు పెట్టుకున్నాడు, మీకేమో పుస్తకం నచ్చలేదు. అప్పుడు ఏం చేస్తారనేదాని మీదే మీ రాతకి విలువ ఉంటుంది. నా పద్ధతి చెప్తా, మీరు ఒప్పుకోనక్కర్లేదు. మొదటి పుస్తకం వేసిన మనిషిది నచ్చకపోతే దాని మీద ఏమీ రాయను, ఎందుకు నచ్చలేదో ఆయనకి విడిగా ఫోన్లోనో మెసేజ్‌లోనో ఫలానా కథ ఫలానా చోట తేలిపోయింది అని చెప్తా. పేరున్న రచయితదో, అవార్డు వచ్చిందో అయితే మాత్రం నచ్చలేదని బహిరంగంగానే రాస్తా, ఎందుకంటే పాఠకుడు ఆ పేరు చూసి మూడొందలు పెట్టి కొంటాడు, వాడికి చెప్పాలి కదా. పుస్తకం రచయితే పంపితే ఆ మాట, స్నేహితుడిదైతే ఆ మాట మొదట్లోనే రాసేస్తా. ఒకసారి పేరున్న ఒక నవలా రచయిత పుస్తకం గురించి, రెండో సగంలో పాత్రలు మాట్లాడడం మానేసి ఉపన్యాసాలు ఇస్తున్నాయని పేజీ నంబర్లతో సహా రాస్తే, ఆయన ఫోన్ చేసి నీకు కక్ష ఉందన్నారు, ఏడాది పాటు ఎదురుపడితే పలకరించలేదు. బాధపడ్డా. కానీ ఆ రివ్యూలో ఒక్క వాక్యం కూడా మార్చలేదు, ఇప్పటికీ అలాగే ఉంది.

పుస్తకం మీద నిర్మొహమాటంగా రాయడం మన భాషకి కొత్తేం కాదు. కట్టమంచి రామలింగారెడ్డి గారు 1914లో కవిత్వతత్త్వ విచారం అనే విమర్శ పుస్తకం వేసి పింగళి సూరనని నెత్తిన పెట్టుకుని మిగతా ప్రబంధ కవులని నిలదీసినప్పుడు పండితులతో ఎంత గొడవైందో తెలుసు కదా. ఆ గొడవలో ఆయన పద్యం ముందు పెట్టి మాట్లాడారు, నచ్చకపోయినా ఎక్కడ నచ్చలేదో చూపించారు. ఇప్పుడు వచ్చే వాటిల్లో ఎక్కువ భాగం ఆవిష్కరణ సభలో శాలువా కప్పాక మాట్లాడినట్టుంటాయి. "ప్రతి ఒక్కరూ చదవాల్సిన పుస్తకం", "గుండెని తడి చేసే కథలు", "రచయిత కలం నుంచి మరిన్ని రచనలు రావాలి". ఈ మూడు వాక్యాలూ ఏ పుస్తకానికైనా సరిపోతాయి, కాబట్టి దయచేసి రాయకండి. ఇంకోటి, మన పుస్తకాలకి ముందుమాటలు రెండు మూడు ఉంటాయి, పెద్దవాళ్ళు రాసినవి, అవి ముందు చదివితే మీకు తెలీకుండానే వాళ్ళ మాటలు మీ రివ్యూలోకి వచ్చేస్తాయి. నేను అవి పుస్తకం అంతా అయ్యాక, నా రివ్యూ కూడా రాసేశాక అప్పుడు చదువుతా.

కథల పుస్తకం అయితే పదిహేను కథలకీ తలా రెండు లైన్లు సారాంశం రాయడం చాలామంది చేస్తారు, అది చదివినవాళ్ళకి ఏమీ మిగలదు, పైగా ముగింపులు తెలిసిపోతాయి. రెండు మూడు కథలు తీసుకుని వాటి దగ్గర ఆగండి, ఒక పేరా యథాతథంగా ఇవ్వండి, రచయిత గొంతు ఎలా ఉంటుందో పాఠకుడికి ఆ పేరాతోనే తెలిసిపోతుంది.

ఆ పేరా ఇవ్వడం ఎంత పనో రాయడం మొదలుపెట్టాక తెలుస్తుంది. మన ప్రెస్సుల్లో చాలాచోట్ల ఇప్పటికీ పేజ్‌మేకర్‌లో అను అనే తెలుగు ఫాంట్లతోనే డీటీపీ, అంటే పేజీలు కూర్చడం, చేస్తారు, రచయితని అడిగితే ఆయన పంపే ఫైలు అన్నిచోట్లా అక్షరాలు సరిగ్గా కనిపించే యూనికోడ్‌లో ఉండదు, తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి, కన్వర్టర్‌లో వేస్తే వత్తులు అటూ ఇటూ అవుతాయి. ఫోన్‌తో ఫోటో తీసి గూగుల్ లెన్స్‌లో పెడితే కొత్త పుస్తకాలకి బాగానే వస్తుంది, పాత అచ్చు అయితే మళ్ళీ అక్షరం అక్షరం చూసుకోవాలి. నేను చివరికి చేత్తో టైప్ చేసుకోవడానికే అలవాటు పడ్డా, అలా టైప్ చేస్తుంటే వాక్యం ఎక్కడ విరిగిందో, రచయిత ఏ మాట ఎందుకు వెనక్కి నెట్టాడో చదివేటప్పుడు కనిపించనివి కూడా కనిపిస్తాయి.

యాసల గురించి ఒక మాట, ఇది నాకు చాలా ముఖ్యం. మాది కృష్ణా జిల్లా, ఉత్తరాంధ్ర కథలో పాలమూరు కథలో చదువుతుంటే కొన్ని చోట్ల ఆగిపోతా. "యాస వల్ల చదవడం కష్టంగా ఉంది" అని రివ్యూల్లో రాయడం చూస్తుంటా, అలా రాయడం అన్యాయం అనిపిస్తుంది, మా జిల్లా భాషని వాళ్ళు చిన్నప్పట్నుంచి టెక్స్ట్ బుక్కుల్లో చదువుకుని పాసయ్యారు కదా. పాలమూరు వలసల మీద వచ్చిన ఒక కథ నాకు మొదటిసారి ఎక్కలేదు, మా ఆఫీసులో నారాయణపేట నుంచి వచ్చిన కొలీగ్‌ని బతిమాలి లంచ్ టైంలో పైకి చదివించుకున్నా. ఆయన చదువుతుంటే అందులో ముసలాయన తిట్టు తిట్టు కాదని, కొడుకుని పోవద్దని ఆపుకోవడమని అర్థమైంది, కాయితం మీద నాకు అది కోపంలా కనిపించింది. అప్పట్నుంచి నాది కాని యాసలో ఉన్న పుస్తకం మీద రాయాలంటే ఆ వైపు మనిషి ఒకరితో మాట్లాడకుండా రాయను.

డబ్బుల సంగతి తొందరగా చెప్పేస్తా, రావు. కొనుగోలు లింకుల మీద కమిషన్ లాంటివి తెలుగు పుస్తకాలకి లెక్కలోకి రావు, పైపెచ్చు ఖర్చు. పోస్టు ఖర్చు కూడా పెరిగింది, రచయితలకి చవకగా పడే రిజిస్టర్డ్ బుక్ పోస్టు 2024 డిసెంబర్‌లో ఆగిపోయింది, తర్వాత 2025 మేలో జ్ఞాన్ పోస్ట్ అని పుస్తకాలకి వేరే సర్వీసు పెట్టారు, అయినా సొంతంగా పుస్తకం వేసుకున్నవాళ్ళు ఇప్పుడు రివ్యూ కాపీలు పంపడానికి వెనకాడుతున్నారు. అందుకని అడిగి తెప్పించుకోవడం తగ్గించి కొనుక్కోండి. డిసెంబర్లో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం, ఈ రెండు చోట్లా ఏడాదికి సరిపడా దొరుకుతాయి, చిన్న పబ్లిషర్ల స్టాళ్ళ దగ్గర కాసేపు నిలబడితే పెద్ద షాపులకి రాని పుస్తకాలు కూడా కనపడతాయి.

కోపం తెప్పించేది ఒకటుంది. ఎంత కష్టపడి రాసినా కింద మొదటి ప్రశ్న "పీడీఎఫ్ ఉందా?". రచయిత బతికే ఉన్నాడు, పుస్తకం నూట యాభై రూపాయలు, ఇంట్లో ఇంకా నాలుగొందల కాపీలు మూలుగుతున్నాయి, అయినా పీడీఎఫ్ కావాలి. రచయిత పోయాక 60 ఏళ్ళ దాకా కాపీరైట్ ఉంటుందని చెప్తా, ఎక్కడ దొరుకుతుందో చెప్తా, పాతకాలం పుస్తకాలైతే ఆర్కైవ్.ఆర్గ్‌లో స్కాన్లున్నాయని లింకు నేనే ఇస్తా. ప్రతిసారీ ఓపిగ్గా ఇదే చెప్తా, ఎందుకంటే అడిగినవాళ్ళలో కొంతమంది నిజంగానే ఆ తర్వాత కొన్నారు, మెసేజ్ పెట్టి మరీ చెప్పారు.

ఇంకో నష్టం మెల్లగా తెలుస్తుంది. రాయాలి అని చదవడం మొదలుపెట్టాక ఊరికే చదవడం పోతుంది, పెన్సిల్ చేతిలో లేకపోతే పేజీ తిప్పలేరు, మంచి వాక్యం వస్తే ఆనందించే లోపే దీన్ని కోట్ చేయాలి అని బుర్ర పరిగెడుతుంది. అందుకే నా మంచం పక్కన ఎప్పుడూ ఒక పుస్తకం ఉంటుంది, దాని మీద రాయనని ముందే అనుకున్నది, అందులో గీతలు గీయను. మీరు కూడా మొదట్నుంచీ ఒకటి అలా పెట్టుకోండి. వారానికి ఒకటి రాయాలి లాంటి లెక్కలు పెట్టుకోకండి, లెక్క పెట్టుకుంటే సన్న పుస్తకాలే ఎంచుకోవడం మొదలవుతుంది.

ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి అని కూడా అడిగారు. అందరూ రాసిన క్లాసిక్కుల జోలికి ముందు పోకండి, మీ ఇంట్లోనో మీ ఊరి లైబ్రరీలోనో ఉన్న, నెట్‌లో వెతికితే ఒక్క ముక్క కూడా దొరకని పుస్తకం తీసుకోండి. మీ జిల్లా రచయితదైతే ఇంకా మంచిది, అందులో ఊళ్ళూ మనుషులూ మీకు తెలిసుంటాయి కాబట్టి ఎక్కడ నిజంగా రాశాడో ఎక్కడ సర్దేశాడో పట్టుకోగలరు. రివ్యూ కింద పుస్తకం పేరు, రచయిత, పబ్లిషర్, అచ్చయిన ఏడాది, ఎన్నో ముద్రణ, పేజీలు, వెల, ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది, ఇవి తప్పకుండా ఇవ్వండి. ముద్రణ ఎందుకంటే మన పుస్తకాలు ముద్రణ ముద్రణకీ మారిపోతుంటాయి, కన్యాశుల్కమే చూడండి, 1897లో వచ్చింది వేరు, 1909లో గురజాడ తిరగరాసింది వేరు, ఏది చదివి రాస్తున్నారో చెప్పకపోతే చదివేవాళ్ళకి అయోమయం. ఇంకోటి, రచయిత పేరు పుస్తకం మీద అచ్చయిన స్పెల్లింగుతోనే తెలుగులో రాయండి, ఇంటిపేరుతో సహా, రేపు ఆ మనిషి వాళ్ళెవరైనా వెతుక్కుంటే ఆ స్పెల్లింగుతోనే వెతుకుతారు.